రెండో యజమానిగా నా బండికి రీకాల్ పని చేయించుకున్న వైనం

నా మోటార్‌సైకిల్ 2021లో తయారైంది. దాన్ని మొదట కొన్నది నేను కాదు, నరసరావుపేటలో ఉండే మా మేనమామ కొడుకు. 2023లో అతను కారు కొనుక్కుని బండిని నాకు అమ్మాడు. ఫారం 29, 30 మీద సంతకాలు, ఆర్సీలో పేరు మార్పు, బీమా పాలసీ బదిలీ అన్నీ పద్ధతి ప్రకారమే జరిగాయి కాబట్టి బండి పూర్తిగా నాదైపోయిందని నిశ్చింతగా ఉన్నాను. ఈ కాగితాలలో ఒక్కటి కూడా బండి తయారు చేసిన కంపెనీ దగ్గరికి చేరలేదని, వాళ్ల లెక్కలో ఆ బండికి ఇంకా మా బావే యజమాని అని తెలియడానికి ఏడాది పైగా పట్టింది.

నేను గుణదలలో ఉంటాను. ఉద్యోగం గుంటూరులో. బెంజి సర్కిల్, కనకదుర్గమ్మ వారధి, తాడేపల్లి, మంగళగిరి, కాజ టోల్ ప్లాజా మీదుగా రోజూ జాతీయ రహదారి మీదే రాకపోకలు. లారీల మధ్య వేగంగా వెళ్లే ఆ దారిలో ముందు బ్రేకు ఎంత అవసరమో బండి నడిపేవాళ్లకు చెప్పనక్కరలేదు.

పటమటలో నాకు అలవాటైన మెకానిక్ ఒకరున్నారు. ఇంజన్ ఆయిల్ మార్పించడానికి వెళ్లిన రోజు, ఆయన హ్యాండిల్‌ను ఎడమకూ కుడికీ పూర్తిగా తిప్పి, ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్కు దగ్గర వేలు పెట్టి చూపించారు. బ్రేకు లివరు దగ్గర ఉండే మాస్టర్ సిలిండర్ నుంచి కిందికి దిగే బ్రేకు పైపు, దాన్ని పట్టి ఉంచాల్సిన క్లిప్పులోంచి కొంచెం జరిగి, హ్యాండిల్ తిప్పినప్పుడల్లా ఫోర్కుకు ఒరుసుకుంటోంది. రాసుకున్నచోట రబ్బరు నున్నగా మెరుస్తోంది.

"సార్, ఈ మోడల్‌కు కంపెనీ వాళ్లు ఏదో రీకాల్ పెట్టారని విన్నాను. మీ నంబరు అందులో ఉందేమో చూసుకోండి" అన్నారు ఆయన. లోపం ఉన్న బండ్లను కంపెనీయే వెనక్కి పిలిచి ఉచితంగా సరిచేయడాన్నే రీకాల్ అంటారు. ప్రస్తుతానికి ఏదైనా కట్టి సర్దలేరా అని అడిగాను. "ప్లాస్టిక్ ట్యాగు వేసి రెండు నిమిషాల్లో కట్టేస్తాను సార్. కట్టానంటే మీరు ఇక షోరూంకు వెళ్లరు" అన్నారు. ఆ మాట నన్ను బాగా ఎరిగిన మనిషి అన్న మాట.

ఆ పైపు విషయంలో అంత పట్టింపు దేనికంటే, డిస్క్ బ్రేకులో మన చేతి ఒత్తిడిని చక్రం దాకా మోసుకెళ్లేది అందులోని బ్రేకు ఆయిల్ ఒక్కటే. హ్యాండిల్ తిరిగినప్పుడు పైపు పక్కలకు వంగాలి, ఫోర్కు గుంటల్లో కుంగి లేచినప్పుడు పైకీ కిందికీ ఆడాలి. అందుకే అది ఏ దారిన ఆడాలో చెప్పే చిన్న క్లిప్పుకు అంత ప్రాముఖ్యం. పైపుకు సూది మొనంత రంధ్రం పడినా గట్టిగా బ్రేకు పట్టినప్పుడు ఆయిల్ అక్కడి నుంచే చిమ్ముతుంది, లివరు పట్టు లేకుండా హ్యాండిల్ దాకా వచ్చేస్తుంది. పైగా గట్టిగా పట్టాల్సి వచ్చేది ఆపదలోనే కదా.

ఆ రాత్రి కంపెనీ వెబ్‌సైట్‌లో రీకాల్ పేజీ దొరికింది. అది బండి నంబరు అడగదు, 17 అక్షరాల ఛాసిస్ నంబరు అడుగుతుంది. నా ఆర్సీ కార్డు మీది అక్షరాలు పర్సులో ఒరుసుకుని సగం చెరిగిపోయాయి. చివరికి మా అమ్మాయి ఫోన్ టార్చి పట్టుకుని, హ్యాండిల్ కింద మెడ భాగం మీద పొడిచిన నంబరును ఒక్కొక్కటిగా చదువుతుంటే నేను కొట్టాను. చెల్లదని వచ్చింది. మళ్లీ కొట్టినా అదే మాట. తరవాత తెలిసిందేమిటంటే, ఛాసిస్ నంబరులో ఐ, ఓ, క్యూ అనే మూడు ఆంగ్ల అక్షరాలు అసలు వాడరట. ఒకటితోనూ సున్నాతోనూ కలగాపులగం కాకుండా ఉండడానికే ఆ నియమం. మా అమ్మాయి ఓ అని చదివినది సున్నా. అది సరిచేయగానే ఎర్రటి అక్షరాలతో జవాబు వచ్చింది: మీ వాహనానికి రీకాల్ వర్తిస్తుంది, పని పెండింగ్‌లో ఉంది.

బావకు ఫోన్ చేశాను. "ఆ మధ్య రెండుసార్లు మెసేజ్ వచ్చింది బావా. ఫ్రీ చెకప్ అని ఉంటే సర్వీసు బేరానికి పిలుస్తున్నారేమోనని తీసేశాను" అన్నాడు. అతన్ని తప్పుపట్టలేను. తరవాత వెతికితే రెండో మెసేజ్ అతని ఫోన్‌లో దొరికింది. అందులో లోపం అనే మాట లేదు, బ్రేకు అనే మాట లేదు, రీకాల్ అనే మాట కూడా లేదు. ముందుజాగ్రత్త చర్యగా ఉచిత తనిఖీకి విచ్చేయమని మాత్రం ఉంది. పెళ్లి పిలుపుకు కూడా ఇంతకంటే వివరాలు రాస్తారు.

నిజానికి రీకాల్ అన్నది దాచుకోవాల్సిన విషయం కాదు. మన దేశంలో వాహన తయారీదారుల సంఘం స్వచ్ఛంద రీకాల్ నియమావళి పెట్టుకున్నది 2012లో. చట్టంలోకి అది 2019 నాటి మోటారు వాహనాల సవరణ చట్టంతో వచ్చింది. ఆ చట్టంలోని సెక్షన్ 110ఎ ప్రకారం, వాహనం నడిపేవారికి గానీ దారిన పోయే ఇతరులకు గానీ హాని కలిగించే లోపం ఉన్నప్పుడు, ఆ వాహనాలను వెనక్కి పిలవమని తయారీదారును కేంద్ర ప్రభుత్వం ఆదేశించవచ్చు. తయారీదారే తనంతట తాను లోపాన్ని గుర్తించి, ప్రభుత్వానికి తెలిపి, రీకాల్ మొదలుపెడితే అతనికి జరిమానా ఉండదని కూడా అందులోనే ఉంది. 2021 మే నెలలో రాయల్ ఎన్‌ఫీల్డ్ ఇగ్నిషన్ కాయిల్ లోపం కారణంగా 2,36,966 మోటార్‌సైకిళ్లను వెనక్కి పిలిచింది. అన్నింటినీ తనిఖీ చేసినా, భాగం మార్చాల్సి వచ్చేవి పది శాతం లోపే ఉంటాయని అప్పట్లో చెప్పింది. నా బండి ఆ కంపెనీది కాదు గానీ, రీకాల్ అంటే మొదట తనిఖీ, అవసరమైతేనే మార్పిడి అన్న సంగతి నాకు ఆ వార్తను బట్టే తెలుసు.

మరునాడు మా ఇంటికి దగ్గరలోని షోరూంకు వెళ్లాను. సర్వీస్ అడ్వైజర్ కుర్రవాడు కంప్యూటరు వైపు చూడకుండానే "బండి ఎక్కడ తీసుకున్నారు సార్?" అని అడిగాడు. నరసరావుపేట అన్నాను. "అయితే అక్కడికే తీసుకెళ్లాలి సార్" అన్నాడు. బ్రేకు పైపు మీద అనుమానం ఉన్న బండిని గుంటూరు దాటించి ఇంకా అవతలికి నడుపుకుంటూ వెళ్లి బ్రేకు బాగు చేయించుకోమని ఆ సలహాకు అర్థం. ఛాసిస్ నంబరు కొట్టి చూడమని అడిగితే సర్వర్ నెమ్మదిగా ఉందన్నాడు. జనరల్ సర్వీసుకు ఇస్తే అందులో చూస్తామని మాత్రం రెండుసార్లు చెప్పాడు.

అక్కడ వాదించకుండా బయటికి వచ్చి కంపెనీ టోల్ ఫ్రీ నంబరుకు ఫోన్ చేశాను. రీకాల్ పని దేశంలో ఏ అధీకృత వర్క్‌షాపులోనైనా చేయాలని, ఎక్కడ కొన్నారన్న దానితోనూ ఎన్నో యజమాని అన్న దానితోనూ సంబంధం లేదని అవతలి అమ్మాయి స్పష్టంగా చెప్పింది. ఫిర్యాదు నంబరు కూడా ఇచ్చింది. ఆ సాయంత్రమే కంపెనీకి ఒక మెయిల్ రాశాను. ఛాసిస్ నంబరు, ప్రస్తుతం తిరిగిన కిలోమీటర్లు, పైపు రాసుకుంటున్నచోట తీసిన ఫొటో, షోరూంకు వెళ్లిన తేదీ, వేళ, అక్కడ నాకు చెప్పిన మాట, వెబ్‌సైట్‌లో వచ్చిన జవాబు స్క్రీన్‌షాట్ అన్నీ అందులో పెట్టాను. కోపం ఒక్క వాక్యంలో కూడా చూపించలేదు, సెక్షన్ నంబరు మాత్రం చివరి వాక్యంలో రాశాను. జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు చేద్దామనుకున్నాను గానీ ఆ అవసరం పడలేదు.

రెండు రోజులకు అదే షోరూం నుంచి మేనేజరు ఫోన్ చేశారు. "సార్, పైకి ఎందుకు రాశారు, మమ్మల్ని అడిగితే మేమే చేసేవాళ్లం కదా" అన్నారు. అడిగానని చెబితే ఆ అబ్బాయి కొత్తవాడన్నారు. పైపూ క్లిప్పూ కలిసిన కిట్టు స్టాకులో లేదు, ఆర్డరు పెడతామని చెప్పారు. అది రావడానికి 16 రోజులు పట్టింది.

ఈలోగా బండి నడపవచ్చా అని కంపెనీని మెయిల్‌లో అడిగాను. వాహనాన్ని జాగ్రత్తగా నడపగలరని జవాబు వచ్చింది. అది నడపమన్నట్టా, వద్దన్నట్టా నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. నేను మాత్రం బండిని మెట్ల కింద పెట్టి, పండిట్ నెహ్రూ బస్ స్టేషన్ నుంచి గుంటూరు బస్సు ఎక్కడం మొదలుపెట్టాను. ఇంటి నుంచి బస్ స్టేషన్‌కు ఆటో, అక్కడ బస్సు, మళ్లీ గుంటూరులో ఆటో కలిపి రోజూ గంటకు పైగా అదనంగా పోయింది. ఆ ఖర్చు ఎవరూ ఇవ్వరు. నేనూ అడగలేదు; అడిగి ఉండాల్సిందని ఇప్పుడు అనిపిస్తోంది.

కిట్టు వచ్చిందని ఫోన్ రాగానే శనివారం ఉదయం వెళ్లాను. జాబ్ కార్డు చేతికిచ్చి సంతకం పెట్టమన్నారు. చదివితే అందులో జనరల్ సర్వీస్, చైన్ క్లీనింగ్, వాటర్ వాష్, ఇంకేవో రెండు ఉన్నాయి. అంచనా మొత్తం 1,800 రూపాయల పైచిలుకు. రీకాల్ పని అయిదో వరుసలో ఉంది. తక్కినవన్నీ కొట్టేయించి, రీకాల్‌కు విడిగా జాబ్ కార్డు వేయించాను. రేపు ఆ బ్రేకు విషయంలో ఏదైనా తేడా వస్తే, ఏ పని ఏ కార్డు మీద జరిగిందన్నదే మొదటి ప్రశ్న అవుతుంది. అడ్వైజరుకు ఇది నచ్చలేదు. ఉచిత పని తెచ్చినవాడి బండి వరుసలో ఎప్పుడూ వెనక్కే జరుగుతుందని ఆ తరవాతి నాలుగు గంటల్లో బాగా అర్థమైంది. డబ్బు కట్టే సర్వీసు బండ్లు నా తరవాత వచ్చి నా ముందే వెళ్లిపోయాయి.

అద్దాల గదిలోంచి పని అంతా చూడగలిగాను. మొదలుపెట్టాక అసలు పనికి ముప్పావు గంట కూడా పట్టలేదు. పాత పైపు తీశాక నన్ను పిలిచి చూపించమని ముందే చెప్పి ఉంచడంతో, పని చేసిన మెకానిక్ దాన్ని తెచ్చి నా చేతిలో పెట్టాడు. నేను ఊహించినదాని కంటే ఎక్కువే అరిగింది. పై రబ్బరు పొర ఒకచోట పూర్తిగా పోయి, లోపలి దారపు అల్లిక కనిపిస్తోంది. దాన్ని ఇంటికి తెచ్చుకుందామనుకున్నాను గానీ రీకాల్‌లో తీసిన భాగాలు కంపెనీకి తిరిగి పంపాలన్నారు. ఫొటోలు తీసుకుని ఇచ్చేశాను.

కొత్త పైపు బిగించాక, లోపల గాలి బుడగలు లేకుండా బ్లీడింగ్ చేశారు. ఒక కుర్రవాడు లివరు నొక్కి పట్టుకుంటే, ఇంకొకడు కింద డిస్కును పట్టి ఆపే కాలిపర్ దగ్గర నిపిల్ వదులు చేసి, సన్నటి గొట్టంలోంచి పాత ఆయిల్, దానితోపాటు బుడగలు పోయేదాకా మళ్లీ మళ్లీ చేశారు. గాలి నొక్కుకుపోతుంది, ఆయిల్ నొక్కుకుపోదు. అందుకే బుడగ మిగిలితే లివరు మెత్తగా స్పాంజిలా ఉంటుంది. ఆ పనిలో వాళ్లు ఎక్కడా తొందరపడలేదని చెప్పాలి.

బిల్లు దగ్గర మాత్రం మళ్లీ ఒక మెలిక పడింది. పైపూ క్లిప్పూ లేబరూ సున్నా, బ్రేకు ఆయిల్‌కు 140 రూపాయలు వేశారు. కన్స్యూమబుల్స్, అంటే ఆయిల్‌లాగా వాడితే అయిపోయేవి, రీకాల్ కిందికి రావన్నారు. పైపు మార్చారు కాబట్టే పాత ఆయిల్ పోయింది, పైపు మార్చింది మీ రీకాల్ కోసం, అలాంటప్పుడు ఆయిల్ నా ఖాతాలోకి ఎలా వస్తుందని అడిగాను. మేనేజరు ఒక నిమిషం ఆలోచించి, బిల్లు మళ్లీ కొట్టించారు. అది పెద్ద మొత్తం కాదు. అడగకపోతే నాకు ముందూ నాకు తరవాతా వచ్చే అందరి దగ్గరా తీసుకుంటారన్నది నా బాధ.

గేటు దాటకముందే యార్డులో నెమ్మదిగా నడిపి రెండు మూడుసార్లు ముందు బ్రేకు పట్టి చూశాను. లివరు గట్టిగా నిలిచింది. హ్యాండిల్‌ను రెండు వైపులా చివరిదాకా తిప్పితే పైపు ఫోర్కును తాకకుండా తన దారిన తాను వంగింది. రీకాల్ కోడ్ వేసి ఉన్న జాబ్ కార్డు క్లోజింగ్ కాపీ మీద ముద్ర వేయించుకుని బయటికి వచ్చాను. ఎప్పుడైనా బండి అమ్మాల్సి వస్తే ఆర్సీతోపాటు ఆ కాగితం కూడా ఇవ్వాలి కదా.

వెబ్‌సైట్‌లో మాత్రం ఇంకో ఆరు రోజులపాటు పెండింగ్ అనే చూపించింది. షోరూం వాళ్లు క్లెయిమ్ పంపాక, కంపెనీ ఆమోదించాక గానీ అది మారదట. ఏడో రోజు ఛాసిస్ నంబరు కొడితే, ఈసారి మొదటిసారే సున్నా సరిగ్గా కొట్టి, పెండింగ్ పనులేవీ లేవని వచ్చింది. ఆ పేజీని ప్రింటు తీసి జాబ్ కార్డుకు పిన్ను చేశాను.

అదే రోజు రాత్రి బావ ఫోన్ చేశాడు. "బావా, నా బండి సర్వీసు ఎలా ఉందో చెప్పమని నాకు మెసేజ్ వచ్చింది. ఎన్ని స్టార్లు ఇమ్మంటావు?" అని అడిగాడు. ఇన్ని మెయిళ్లు, ఫిర్యాదు నంబరు, రెండు జాబ్ కార్డులు అయ్యాక కూడా వాళ్ల రికార్డులో నా ఫోన్ నంబరు ఎక్కలేదన్నమాట. సోమవారం ఆఫీసుకు అరపూట సెలవు పెట్టి, ఆర్సీ జిరాక్సూ ఆధార్ జిరాక్సూ పట్టుకుని మళ్లీ షోరూంకు వెళ్లాను. యజమాని పేరూ ఫోన్ నంబరూ మార్చి, ఓటీపీ నా ఫోన్‌కు వచ్చేదాకా అక్కడే కూర్చున్నాను.