హైతీలో దిగిన పటాలాలు, హైతీలో దిగిన బియ్యం

కంచరపాలెంలో మా వీధి చివర చిన్న కమ్యూనిటీ హాలు ఉంది. నెలకో ఆదివారం అక్కడ చేరి ప్రపంచ విషయాలు మాట్లాడుకుంటాం. రిటైరైన హిస్టరీ మాస్టారు, పోర్టులో పనిచేసి దిగిపోయినవాళ్లు, ఒకరిద్దరు ఇంజినీరింగ్ పిల్లలు, పూర్ణా మార్కెట్లో బియ్యం వ్యాపారం చేసుకునే నేను. టీ ఖర్చు నాది, కాబట్టి నన్ను ఎవరూ మధ్యలో ఆపరు.

మొన్నటి చర్చ హైతీ మీద. మాస్టారు ఆ మాట అనగానే సగం మంది ఆఫ్రికా అనుకున్నారు. కాదు, కరీబియన్ సముద్రంలో డొమినికన్ రిపబ్లిక్‌తో ఒకే దీవిని పంచుకున్న దేశం. బయటి బలగాలు అక్కడ దిగడం సబబా కాదా అన్నది ఆ రోజు ప్రశ్న.

దీనికి మా గుంపులోనే ఒక సాక్షి దొరికారు. సీఐఎస్ఎఫ్‌లో ఏఎస్ఐగా రిటైరై గాజువాకలో ఇల్లు కట్టుకున్న పెద్దాయన. మనకు సీఐఎస్ఎఫ్ అంటే స్టీల్ ప్లాంటు గేటు దగ్గర ఐడీ కార్డు అడిగేవాళ్లు. ఐక్యరాజ్యసమితి తరఫున వాళ్ల దళం హైతీలో కూడా పనిచేసింది. 2010 జనవరి 12న భూకంపం వచ్చినప్పుడు ఈయన అక్కడే ఉన్నారట. నీళ్ల ట్యాంకరు దగ్గర జనాన్ని వరసలో నిలబెట్టే డ్యూటీ పడింది. వాళ్ల భాష ఈయనకు రాదు. "వరసలో రండమ్మా, తోసుకోకండి" అని తెలుగులోనే అరిచేవారట, చేతి సైగ చూసి వాళ్లు సర్దుకునేవారట. ఒక ముసలమ్మ రోజూ పసుపు బకెట్టు తెచ్చి ఈయన బూటు పక్కన పెట్టి, నీడలోకి వెళ్లి కూర్చునేదట. ఆ బకెట్టు జరగకుండా చూడటం కూడా డ్యూటీలో భాగమైపోయిందన్నారు.

"మేం లేకపోతే ఆ ట్యాంకరు మొదటి సందు కూడా దాటేది కాదు బాబూ" అన్నారు చివర్లో. ఆ మాట నేను కాదనలేను.

తర్వాత మాస్టారు చరిత్ర మొదలుపెట్టారు. బానిసలు తిరగబడి గెలిచి, 1804 జనవరి 1న సొంత దేశం ప్రకటించుకున్నారు. 1825లో ఫ్రాన్సు రాజు పదో చార్లెస్ యుద్ధనౌకలు పంపించి, మీ స్వాతంత్ర్యాన్ని గుర్తిస్తాం, 15 కోట్ల ఫ్రాంకులు కట్టండి అన్నాడు. ఎందుకు? తోటలూ బానిసలూ పోగొట్టుకున్న దొరలకు నష్టపరిహారంగా! మొదటి కిస్తీకే డబ్బు చాలక పారిస్‌లోనే అప్పు చేయాల్సి వచ్చింది. 1838లో మొత్తాన్ని 9 కోట్లకు తగ్గించారు గానీ, దాని కోసం చేసిన అప్పుల తోక 1947 దాకా తెగలేదు. మా బజార్లో వడ్డీ వ్యాపారుల రకాలన్నీ నాకు తెలుసు. తన చెరలోంచి బయటపడ్డవాడి చేతే నోటు రాయించుకున్నవాడిని మాత్రం చూడలేదు.

అమెరికా సంగతి మాస్టారు తొందరగా చెప్పేశారు. 1914 డిసెంబరులో మెరైన్లు హైతీ జాతీయ బ్యాంకు నుంచి 5 లక్షల డాలర్ల బంగారాన్ని ఓడకెక్కించి న్యూయార్కు తీసుకుపోయారు. మరుసటి ఏడాది జూలైలో అధ్యక్షుడిని జనం చంపేస్తే, శాంతిభద్రతల పేరుతో సైన్యం దిగింది. 1934 దాకా కదల్లేదు. విదేశీయులు భూమి కొనడానికి వీల్లేకుండా ఉన్న నిబంధనను 1918 రాజ్యాంగంలో ఎత్తేశారు. రైతుల చేత వెట్టిగా రోడ్లు వేయించారు. ఎదిరించిన షార్లమాన్ పెరాల్ట్‌ను 1919లో కాల్చి చంపి, శవాన్ని తలుపుకు కట్టి ఫొటో తీసి ఊళ్లలో పంచారు. జనం భయపడతారనుకున్నారు. అదే ఫొటో ఆయన్ను దేశమంతా వీరుడిని చేసింది.

ఇంతవరకు అందరూ తలలూపారు. పేచీ 1994 దగ్గర వచ్చింది. ఎన్నికల్లో గెలిచిన హైతీ అధ్యక్షుడు అరిస్టీడ్‌ను 1991లో సైన్యం తరిమేస్తే, మూడేళ్లకు అమెరికా 20 వేల మంది సైనికులను పంపించి మళ్లీ కుర్చీలో కూర్చోబెట్టింది. "మరి ఇది మంచి జోక్యమే కదండీ" అంది ఇంజినీరింగ్ అమ్మాయి. చాలామంది అవునన్నారు. అప్పుడు నేను నోరు విప్పాను, ఎందుకంటే ఆ సైనికుల వెనక వచ్చింది నా సరుకు.

తిరిగొచ్చిన ప్రభుత్వానికి అప్పులు కావాలి. అప్పులిచ్చేవాళ్లకు మార్కెట్ తలుపులు బార్లా తీయాలి. 1995లో విదేశీ బియ్యం మీద సుంకం 3 శాతానికి పడిపోయింది. అమెరికాలో ప్రభుత్వం ఇచ్చే సబ్సిడీతో పండిన బియ్యం ఓడల్లో దిగింది. అక్కడివాళ్లు దాన్ని మయామీ బియ్యం అంటారు. ఆర్టిబొనీట్ నది లోయలో వరి పండించే చిన్న రైతు ఆ ధరకు అమ్మితే కోత కూలి కూడా గిట్టదు. 1980ల మొదట్లో తన తిండికి సరిపడా బియ్యం దాదాపు తానే పండించుకున్న దేశం ఇప్పుడు ఎక్కువ భాగం బయట కొంటోంది. ఆ రోజుల్లో అమెరికా అధ్యక్షుడిగా ఉన్న క్లింటన్ 2010 మార్చిలో స్వయంగా అమెరికా సెనేట్ కమిటీ ముందు ఒప్పుకున్నాడు: తన సొంత రాష్ట్రం అర్కాన్సా రైతుల్లో కొందరికి లాభం కలిగిందేమో గానీ ఆ విధానం తప్పు, హైతీ వరి పండించే శక్తి పోగొట్టుకోవడానికి తానే బాధ్యుడినని.

సుంకం అనేది పుస్తకాల్లో విషయంలా కనిపిస్తుంది గానీ కొట్లో కూర్చున్నవాడికి అలా ఉండదు. 2022 జూలైలో 25 కిలోల వరకు ఉన్న ప్యాకెట్ బియ్యం మీద 5 శాతం జీఎస్టీ అనగానే మిల్లుల నుంచి 26 కిలోల బస్తాలు వచ్చాయి. ఆ ఒక్క కిలో ఎందుకని అడిగిన ప్రతి ఇల్లాలికీ నేను జీఎస్టీ పాఠం చెప్పాల్సి వచ్చింది. 2023లో తెల్లబియ్యం ఎగుమతి ఆపేసినప్పుడు మిల్లర్లు గోల పెట్టారు, ఆ నిషేధాన్ని మరుసటి ఏడాది సెప్టెంబరులో ఎత్తేశారు. మనం తిట్టడానికి ఢిల్లీ ఉంది, ఓటుంది. ఆర్టిబొనీట్ రైతు ఎవరిని తిడతాడు? అర్కాన్సాలో అతనికి ఓటు లేదు.

ఏఎస్ఐ గారు కాస్త నొచ్చుకున్నారు. "ట్యాంకరు దగ్గర నిలబడినవాడికి సుంకం సంగతి ఏం తెలుస్తుందయ్యా?" అన్నారు. నిజమే, ఆయన్ను అనడం నా ఉద్దేశం కాదు. కానీ అదే 2010 అక్టోబరులో, అదే నది ఒడ్డున కలరా మొదలైంది. ఐక్యరాజ్యసమితి శిబిరంలోని మురుగు ఉపనదిలో కలిసి ఆర్టిబొనీట్‌లోకి చేరింది. జనం తాగేదీ పొలాలకు పారేదీ ఆ నీరే. దాదాపు 10 వేల మంది పోయారు. 2016 డిసెంబరులో అప్పటి ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శి బాన్ కీ మూన్ క్షమాపణ చెప్పి, 40 కోట్ల డాలర్ల సాయం ప్రణాళిక ప్రకటించారు. దేశాలు ఇచ్చింది అందులో కొద్ది భాగమే.

"సరే, ఇప్పుడేం చేయమంటావు?" అని మాస్టారు నన్నే పట్టుకున్నారు. 2021లో అధ్యక్షుడు మొయీజ్‌ను ఇంట్లోనే కాల్చి చంపారు, అందులో కొలంబియా నుంచి వచ్చిన కిరాయి సైనికులున్నారు. 2024 మార్చిలో ముఠాల హింస పెరగడంతో మన ప్రభుత్వం ఆపరేషన్ ఇంద్రావతి పేరుతో అక్కడున్న 12 మంది భారతీయులను బయటకు తెచ్చింది. ఆ ముఠాలను అణచడానికి జూన్‌లో కెన్యా పోలీసులు దిగారు. అక్టోబరులో ఆ వరి లోయలోనే, పోంసోండే అనే ఊళ్లో ముఠావాళ్లు కనీసం 70 మందిని చంపారు. రైతు ధాన్యం తోలుకెళ్లే దారిలో ముఠాలు టోల్ వసూలు చేస్తుంటే, బయటివాళ్లు ఎవరూ వద్దని కంచరపాలెంలో టీ తాగుతూ నేను చెప్పలేను.

నా వాదన ఇంతే. బలగాలను పంపడానికి చేయెత్తే దేశాలు, వాటివల్ల జరిగే నష్టానికి డబ్బు ముందే డిపాజిట్ చేయాలి. కలరా బాకీతో మొదలుపెట్టాలి. బియ్యం సుంకం ఎంతుండాలో హైతీ వాళ్లకే వదిలేయాలి.

"అలాగైతే ఎవడూ రాడు" అన్నారు ఏఎస్ఐ గారు.

"రాకపోతే వాళ్లు ఎందుకు వద్దామనుకున్నారో తెలిసిపోతుందిగా" అన్నాను.

"అది తెలిసేలోపు ట్యాంకరు దగ్గర ఎవరుంటారు?" అని ఆయన చెప్పులేసుకున్నారు.