ఆకుపచ్చ డబ్బా

ఆమ్‌స్టర్‌డామ్‌లో పీహెచ్‌డీ సీటు వచ్చిందని ఫోన్ చేస్తే నాన్న అడిగిన మొదటి మాట: "ఫ్రీ యూనివర్సిటీ అంటున్నావు, మరి జీతం ఎక్కణ్ణుంచి ఇస్తారమ్మా?"

ఆయన తప్పేం లేదు. డచ్‌లో దాని పేరు ఫ్రైయె యూనివర్సిటైట్. ఇక్కడ అందరూ వీయూ అనేస్తారు. ఆ 'ఫ్రైయె'కి ఉచితం అని కాదు, స్వేచ్ఛ అని అర్థం. ఎవరి నుంచి స్వేచ్ఛ అంటే అటు ప్రభుత్వం నుంచి, ఇటు చర్చి నుంచి కూడా. ఈ రెండోది తెలిసినప్పుడు నేను కాస్త తెల్లబోయాను. పెట్టింది ప్రొటెస్టెంట్ పాస్టరు గారే మరి! ఆయన పేరు అబ్రహాం కైపర్. 1880 అక్టోబర్ 20న దీన్ని ప్రారంభించాడు, 1901లో దేశానికి ప్రధానమంత్రి కూడా అయ్యాడు.

జీతానికి మాత్రం నాన్న భయపడక్కర్లేకపోయింది. ఇక్కడ పీహెచ్‌డీ అంటే ఉద్యోగమే. నాలుగేళ్ళ కాంట్రాక్టు, పింఛను కోత, మే నెలలో ఎనిమిది శాతం సెలవు భత్యం అన్నీ ఉంటాయి. నాతో ఎమ్మెస్సీ చదివి ఇంటి దగ్గరే రీసెర్చిలో చేరిన స్నేహితురాలు ఫెలోషిప్ డబ్బుల కోసం నెలల తరబడి ఆఫీసుల చుట్టూ తిరిగింది. అందుకే మే నెల జీతం స్లిప్పు దానికి ఎప్పుడూ చూపించలేదు.

నేను చెప్పాలనుకున్నది డబ్బా గురించి. మా డిపార్ట్‌మెంట్ సెక్రటరీ గారు రిటైరయ్యే ముందు బీరువా సర్దుతూ ఒక పాత రేకు డబ్బా తీసి కాఫీ మెషీన్ పక్కన పెట్టారు. అరచేతిలో పట్టేంత ఉంది. ఆకుపచ్చ రంగు అంచుల్లో పెచ్చులూడింది, పైన నాణెం పట్టే సందు. వాళ్ళ అమ్మమ్మదట.

ప్రభుత్వ డబ్బు వద్దనుకున్నాక యూనివర్సిటీ నడిచేదెలా? కైపర్ వెనక నిలిచినవాళ్ళను 'చిన్నవాళ్ళు' అనేవారట: చిల్లర దుకాణాలవాళ్ళు, రైతులు, చేతిపనులవాళ్ళు. వాళ్ళ చందాలతోనే ఇది నడిచింది. 1932లో ఆడవాళ్ళు ఒక సంఘం పెట్టుకుని ఇలాంటి డబ్బాలు ఇంటింటికీ పంచారు. సరుకుల డబ్బుల్లో మిగిలిన చిల్లర అందులో పడేది. అలా పోగైన సొమ్ముతో లేబరేటరీలకు సామాన్లు కొన్నారు. ఆ డబ్బాలో చిల్లర వేసిన అమ్మమ్మల్లో ఎందరు కాలేజీ గడప తొక్కారంటారు?

తర్వాత ప్రభుత్వం పూర్తి ఖర్చు పెట్టుకోవడంతో డబ్బాల పని అయిపోయింది. ఇప్పుడు క్యాంపస్‌లో దేవుడి మాట పెద్దగా వినపడదు. పాత లాటిన్ సూక్తి మాత్రం ఉంది. 'యెహోవా నామం వల్లనే మనకు సహాయం' అనే మాట, 124వ కీర్తనలోది. అది చూడగానే నాకు బాపట్ల గుర్తొచ్చింది. చిన్నప్పుడు నాన్నమ్మ మా చేత వల్లె వేయించిన కీర్తనల్లో అదొకటి.

మొన్న కొలీగ్ థీసిస్ డిఫెన్స్‌కి వెళ్ళాను. నల్లగౌన్ల ప్రొఫెసర్లు వరసగా కూర్చుని ప్రశ్నలు గుప్పిస్తున్నారు. వాడికి చెమటలు, చూస్తున్న నాకు టెన్షన్. సరిగ్గా 45 నిమిషాలకు పొడవాటి దండం పట్టుకుని ఒకావిడ లోపలికొచ్చి, దాన్ని నేలకు తాటించి "హోరా ఎస్ట్" అంది. వేళయింది అని లాటిన్‌లో. అంతే, చెబుతున్న జవాబు సగంలో ఆగిపోయింది. వాడి మొహంలో అంత సంతోషం అంతకుముందు ఎన్నడూ చూడలేదు. వచ్చే ఏడాది నా వంతు.

ఆ రాత్రి నాన్నమ్మకి ఫోన్లో ఆకుపచ్చ డబ్బా గురించి చెప్పాను. పొయ్యి మీద ఎసరు పెట్టిన ప్రతిసారీ చర్చికని ఒక పిడికెడు బియ్యం వేరే డబ్బాలో వేసే మనిషి ఆవిడ. అంతా విని, "అందులో బియ్యమేనా వేసేది?" అంది.

"కాదు నాన్నమ్మా, చిల్లర డబ్బులు."

"అదే సుఖం," అంది. "పురుగు పట్టదు."