73 నుంచి 14కి

ఓడను నడిపే గది, అదే బ్రిడ్జి, అక్కడి వీహెచ్‌ఎఫ్ రేడియో సెట్ నాబ్ తిప్పితే ఛానెల్ అంకెలు 28 దాకా వరసగా వెళ్లి, అక్కడి నుంచి ఒక్కసారిగా 60కి దూకుతాయి. మా డెక్ కేడెట్, అంటే ఆఫీసర్ పని నేర్చుకుంటున్నవాడు, కాకినాడ కుర్రాడు. ముందుకీ వెనక్కీ తిప్పి చూసి, "సార్, 29 నుంచి 59 దాకా ఏమైపోయాయి? సెట్ పాడైందా?" అని అడిగాడు. సెట్ బాగానే ఉంది. మొదట్లో ఛానెల్‌కీ ఛానెల్‌కీ మధ్య 50 కిలోహెర్ట్జ్ ఎడం ఉంచి 1 నుంచి 28 దాకా పంచారు. ఓడలు పెరిగేసరికి అవి చాల్లేదు. ఎడాన్ని 25కి తగ్గించి, మధ్య సందుల్లో కొత్త ఛానెళ్లు ఇరికించారు. పాతవాటి నంబర్లు మారిస్తే గందరగోళం కాబట్టి, కొత్తవాటికి 60 నుంచి వేరే వరస ఇచ్చారు. 

అందుకే 13కీ 14కీ మధ్యలో ఉన్నది 73. 13 అంటే 156.650 మెగాహెర్ట్జ్, 73 అంటే 156.675, 14 అంటే 156.700. నాబ్ మీద ఎక్కడో దూరంగా కనిపించే నంబర్లు గాలిలో గట్టు పంచుకున్న పొలాలన్నమాట. ఇదంతా అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ రేడియో నిబంధనల్లో అపెండిక్స్ 18 అనే పట్టికలో ఉంటుంది. జీఎండీఎస్ఎస్, అంటే సముద్రంలో ఆపద కబుర్లు పంపే రేడియో పద్ధతి, దాని పరీక్ష కోసం అందరం దాన్ని బట్టీ పడతాం, సర్టిఫికెట్ చేతికొచ్చాక మర్చిపోతాం. మళ్లీ గుర్తొచ్చేది సింగపూర్ జలసంధిలోనే.

నాది భీమిలి. బల్క్ క్యారియర్ మీద సెకండ్ మేట్‌ని. విశాఖలో ఇనుప ఖనిజం ఎత్తుకుని చైనా వెళ్లాలంటే అండమాన్ సముద్రం దాటి, మలక్కా జలసంధి మొత్తం దిగి, సింగపూర్ ముందు నుంచి పోవాలి. నా వాచ్, అంటే బ్రిడ్జి మీద డ్యూటీ, 12 నుంచి 4. అదేం ఖర్మో, ఇరుకు చోట్లన్నీ నా వాచ్‌లోనే తగులుతాయి.

ఈ దారిలో స్ట్రెయిట్‌రెప్ అనే తప్పనిసరి రిపోర్టింగ్ పద్ధతి ఉంది. ఇండోనేషియా, మలేషియా, సింగపూర్ మూడూ కలిసి ప్రతిపాదిస్తే అంతర్జాతీయ సముద్ర సంస్థ, అదే మేము ఐఎంఓ అనేది, ఒప్పుకుంది. 1998 డిసెంబర్ 1 నుంచి అమల్లో ఉంది. 300 గ్రాస్ టన్నులు గానీ 50 మీటర్ల పొడవు గానీ, లేదా అంతకు మించి గానీ ఉన్న ఓడ, ప్రమాదకరమైన సరుకు మోసే ఓడ, ఇలాంటివన్నీ ఇందులోకి వస్తాయి. జలసంధిని 9 సెక్టార్లుగా విడగొట్టారు. చివరి మూడూ సింగపూర్‌వి, అక్కడ ఓడల రాకపోకలు చూసుకునే తీర కేంద్రాన్ని వీటీఐఎస్ అంటారు: 7లో వీటీఐఎస్ వెస్ట్, ఛానెల్ 73. 8లో సెంట్రల్, ఛానెల్ 14. 9లో ఈస్ట్, ఛానెల్ 10. పేరు, కాల్ సైన్, ఎక్కడున్నాం, ప్రమాదకరమైన సరుకేమైనా ఉందా, ఇంజనో స్టీరింగో మొరాయిస్తోందా అన్నవి చెప్పాలి. అంతకుమించి కథలు అక్కర్లేదు.

ఒకే ఛానెల్ పెడితే సరిపోదా, మూడెందుకు అని మా బావ అడిగాడోసారి. ఆయన రైల్వేలో పనిచేస్తాడు, ప్రశ్న సరైనదే. వీహెచ్‌ఎఫ్ ఎఫ్ఎం మీద నడుస్తుంది. ఒకే ఛానెల్లో ఇద్దరు ఒకేసారి మాట్లాడితే ఇద్దరి మాటలూ సగం సగం వినిపించవు. బలమైన సిగ్నల్ గెలుస్తుంది, బలహీనమైనది మాయమైపోతుంది. అటుపక్క దూరంలో ఉన్నవాడు "నా స్టీరింగ్ పోయింది" అని అరుస్తుంటే, ఇటుపక్క దగ్గర్లో ఉన్నవాడు యాంకరేజ్, అంటే లంగరు వేసే చోటు, అడిగాడనుకోండి, మనకు వినపడేది యాంకరేజే. పోనీ ఆ అరిచినవాడికైనా తన మాట ఎవరికీ చేరలేదని తెలుస్తుందా అంటే, అదీ తెలియదు. తను మాట్లాడుతున్నంతసేపూ వాడి సెట్ వినదు మరి.

కాబట్టి ఛానెళ్ల పంపకం అంటే మాట్లాడడానికి చోటివ్వడం అనుకుంటారు గానీ, నా లెక్కలో ఛానెల్‌ని ఖాళీగా ఉంచడమే అసలు పని. సింగపూర్ పోర్టులో ఎప్పుడు చూసినా వెయ్యి ఓడల దాకా ఉంటాయంటారు. ఫిలిప్ ఛానెల్ (ఇది రేడియో ఛానెల్ కాదు, నీటి దారి పేరు) దగ్గర దారి 2.8 కిలోమీటర్లకు ఇరుకవుతుంది. అక్కడ అందరూ ఒకే చోట నోరు తెరిస్తే కొంప మునిగినట్టే. నీళ్లని గీతలు గీసి పంచి, ఒక్కో ముక్కకి ఒక్కో ఛానెల్ ఇస్తే, నాకు వినపడే గొంతులన్నీ నా చుట్టుపక్కల ఓడలవే అవుతాయి.

ఇంకో సంగతి, ఈ 73, 14, 10 మూడూ సింప్లెక్స్. అంటే పంపడం, వినడం ఒకే ఫ్రీక్వెన్సీ మీద. అదే పంపడానికొకటి, వినడానికొకటి ఉండే డ్యూప్లెక్స్ అయితే తీరం మాటే నాకు వినపడుతుంది, పక్క ఓడ ఏం జవాబిచ్చిందో తెలియదు. సింప్లెక్స్‌లో వీటీఐఎస్ ఎవరితో మాట్లాడినా అందరికీ వినపడుతుంది. "బాటు బెర్హెంటి దగ్గర ఒక టగ్, బార్జ్ అడ్డంగా దాటుతున్నాయి" అని ముందున్న ఓడకి చెప్తే, ఆ హెచ్చరిక నాకూ ఉచితంగా అందినట్టే. వాచ్‌లో నాకు సగం సమాచారం ఇలా చెవిన పడేదే.

రాత్రిపూట రాఫెల్స్ లైట్‌హౌస్ దాటుతుండగా విన్న ముచ్చట ఒకటి చెప్పాలి. 14 మీద ఎవరో, "షిప్ ఆన్ మై స్టార్‌బోర్డ్ బౌ, షిప్ ఆన్ మై స్టార్‌బోర్డ్ బౌ, గ్రీన్ టు గ్రీన్ ఓకే?" అన్నాడు. అంటే, నా కుడి ముందున్న ఓడా, మన కుడిపక్కలు ఎదురెదురుగా ఉండేలా దాటుకుందామా అని. తన పేరు చెప్పలేదు, పిలిచేది ఎవర్నో చెప్పలేదు. ఆ చీకట్లో ప్రతివాడికీ కుడి ముందు ఎవడో ఒకడు ఉంటాడు. రెండు ఓడలు "ఓకే, గ్రీన్ టు గ్రీన్" అన్నాయి! మా కెప్టెన్ కాఫీ కప్పు పక్కన పెట్టి రాడార్ మీదకి వంగాడు. వీటీఐఎస్ ఆపరేటర్ గొంతు పెంచలేదు. పేర్లు పెట్టి ఒక్కొక్కర్నీ పిలిచి, ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారో విడదీసి, వాళ్ల మధ్య దూరం ఎంతో చెప్పి వదిలేశాడు. ఏం జరగలేదు. ఒప్పుకున్న రెండో ఓడ నిజంగానే తిరిగి ఉంటే మాత్రం, సంబంధం లేని మూడోవాడి మీదకి పోయేది.

దీనికి ఇంగ్లీషు వాళ్లు పెట్టిన పేరే ఉంది, వీహెచ్‌ఎఫ్ సాయంతో జరిగిన ఢీ అని. బ్రిటన్ మారిటైమ్ అండ్ కోస్ట్‌గార్డ్ ఏజెన్సీ దీని మీద ప్రత్యేకంగా హెచ్చరిక నోటీసులిచ్చింది. అవతలివాడెవడో నిర్ధారణ కాకపోవడం, అర్థం వేరుగా తీసుకోవడం, బేరాలాడుతుండగా టైమ్ అయిపోవడం, ఈ మూడే ప్రధానంగా కొంప ముంచేవి. ఢీకొనకుండా నడవడానికి 1972 నిబంధనలు ఉన్నాయి కదా. కుడికి తిరగమని అవి చెప్తుంటే, రేడియోలో ఎడమకి బేరం పెట్టడం దేనికి? మా కెప్టెన్‌ది ఒకటే మాట: "రూల్ ప్రకారం ముందే తిరుగు, పెద్దగా తిరుగు. వాడికి కనపడుతుంది. అడగక్కర్లేదు."

వీటీఐఎస్ వాళ్లు కూడా ఓడ నడపరు. ఫలితం ఏం కావాలో చెప్తారు, చుక్కాని ఎంత తిప్పాలో చెప్పరు. అది కెప్టెన్ పని. మాటకి ముందు "ఇన్ఫర్మేషన్", "వార్నింగ్", "అడ్వైస్", "ఇన్‌స్ట్రక్షన్" అని ముద్ర వేసి చెప్పే పద్ధతి ఉంది. వింటే బడి పాఠంలా ఉంటుంది గానీ, ఇంగ్లీషు ఇద్దరికీ సొంత భాష కానప్పుడు ఆ ఒక్క మాటే కాపాడుతుంది. దిశ చెప్పేటప్పుడు అంకెలు విడివిడిగా పలకాలి, వన్-ఫైవ్-జీరో అని. ఫిఫ్టీన్, ఫిఫ్టీ రేడియో గరగరలో ఒకేలా వినపడతాయి మరి.

ఇక ఛానెల్ 16 సంగతి. 156.800 మెగాహెర్ట్జ్, ఆపద సమయంలో పిలవడానికి. దానికి రెండు పక్కలా ఉన్న 75, 76 ఛానెళ్లని కూడా 1 వాట్‌కి తగ్గించారు, మామూలుగా అయితే మా సెట్ 25 వాట్లు కొడుతుంది. అంత భద్రంగా కాపాడుకొస్తే, దాని మీద జరిగే గోల వినాలి! ఈలలు, పాటలు, పిల్లి అరుపులు. కళింగపట్నం దాటాక మన పడవల వాళ్లు వల ఎక్కడ వేశారో, చేప ఏ రేటు పలుకుతోందో ఆ 16 మీదే మాట్లాడుకుంటుంటే విన్నాను. నెలల తర్వాత శ్రీకాకుళం యాస చెవిన పడితే ప్రాణం లేచొస్తుంది, అబద్ధమెందుకు. కానీ ఆ కబుర్ల కోసం వేరే ఛానెల్ వాడుకోండి బాబూ అని మైక్‌లో తెలుగులోనే చెప్పాను. "అలాగే అన్నా" అన్నారు. ఓ పావుగంట నిశ్శబ్దం. మళ్లీ మొదలు.

ఈ అల్లరి ఎంత దూరం పోతుందంటే, 2008 జనవరి 6న హార్ముజ్ జలసంధిలో అమెరికా నేవీ ఓడల చుట్టూ ఇరాన్ స్పీడ్ బోట్లు తిరుగుతున్నప్పుడు, కొద్ది నిమిషాల్లో మీరు పేలిపోతారు అన్న గొంతు రేడియోలో వినిపించింది. కాల్పుల దాకా వచ్చి ఆగింది. ఆ గొంతు బోట్ల నుంచి వచ్చింది కాకపోవచ్చని తర్వాత నేవీ వాళ్లే అన్నారు. ఆ ప్రాంతంలో వీహెచ్‌ఎఫ్ మీద ఏళ్ల తరబడి ఆటపట్టించే అల్లరి గొంతు అయ్యుండొచ్చని అనుమానం. గాలిలో మాటకి అడ్రస్ ఉండదు కదా.

అలాగని నోరు కట్టేసుకోవడమే మంచిదనీ అనను. 2017 ఆగస్టు 21 తెల్లవారుజామున, ఇదే జలసంధి తూర్పు చివర, అమెరికా డిస్ట్రాయర్ జాన్ ఎస్. మెకెయిన్, ఆల్నిక్ ఎంసీ అనే ట్యాంకర్ ఢీకొన్నాయి. పదిమంది నావికులు పోయారు. స్టీరింగ్‌ని ఒక కన్సోల్ నుంచి ఇంకో కన్సోల్‌కి మార్చడంలో గందరగోళమై యుద్ధనౌక ఎడమకి లాగేసింది. ఓడ ఎక్కడుందో దానంతటదే చుట్టుపక్కలకి పంపే ఏఐఎస్‌లో అది తన ఉనికిని పంపడం లేదు కూడా. ప్రమాదాలు దర్యాప్తు చేసే అమెరికా సంస్థ ఎన్‌టీఎస్‌బీ దర్యాప్తులో, ఆ రెండు ఓడల మధ్య వీహెచ్‌ఎఫ్‌లో మాట నడవకపోవడాన్ని కూడా ఎత్తిచూపారు. స్టీరింగ్ పోయిందనుకున్న క్షణంలో "నా చేతిలో లేదు, తప్పుకోండి" అని వీహెచ్‌ఎఫ్‌లో అనాలి. అది బేరం కాదు, కేక. ఆ కేక పట్టేలా చోటు ఉండాలనే కదా మిగతా అందర్నీ ఛానెళ్ల మీద అణిచి ఉంచేది.

ఇప్పుడు వీడీఈఎస్ అని కొత్తది వస్తోంది, వీహెచ్‌ఎఫ్ మీదే డేటా పంపుకోవడం. నోటితో చెప్పే రిపోర్టులు తెర మీద అక్షరాలుగా పోతాయి, 73 మీద తొక్కిసలాట తగ్గుతుంది. పేరు, కాల్ సైన్, సరుకు, ఇవన్నీ అలా పంపేస్తే నాకు హాయే. యాసల గోల ఉండదు, వన్-ఫైవ్ తంటా ఉండదు. కానీ టగ్, బార్జ్ అడ్డంగా వస్తున్నాయన్న హెచ్చరిక కూడా ముందున్న ఓడ తెర మీదకే పోతే నాకెలా తెలుస్తుంది? రాత్రి రెండింటికి అద్దంలోంచి బయటికి చూస్తూ ఉండాల్సిన కళ్లు, ఆ మెసేజ్‌ల కోసం తెర మీద ఉంటాయా? మా కేడెట్ మాత్రం అన్నీ తెర మీదకి రావాలంటాడు. ప్రస్తుతానికి వాడికి చెప్పింది ఒక్కటే: సింగపూర్ చేరేలోపు రెండు సెట్లలో ఒకటి 16 మీద, ఒకటి సెక్టార్ ఛానెల్ మీద పెట్టు, 73 నుంచి 14కి మారేటప్పుడు లాగ్‌బుక్‌లో టైమ్ రాయి.