గోపాల్‌పూర్ నుంచి చంద్రగిరికి ఒకే వరుసలో

రెండు వందల కిలోమీటర్ల బీఆర్ఎం, అంటే గడువులోగా ముగించాల్సిన దూరపు సైకిల్ యాత్ర, పూర్తి చేయాలన్న కోరిక మా బరంపురం సైకిల్ బృందానికి చాలాకాలంగా ఉంది. ఫ్రాన్సులోని ఆడాక్స్ క్లబ్ పారిసియన్ నిర్ణయించిన నియమాల ప్రకారం ఆ దూరానికి గడువు పదమూడున్నర గంటలు. సగటున గంటకు 15 కిలోమీటర్ల లోపే. వినడానికి తేలికే కాని, టీ తాగడం, పంక్చర్ వేసుకోవడం, ఘాట్ ఎక్కడం అన్నీ ఆ గడువులోనే జరగాలి. అందుకని అసలు పరీక్షకు ముందే అదే గడువు పెట్టుకొని, డిసెంబరులో ఒక ఆదివారం గోపాల్‌పూర్ సముద్రతీరం నుంచి బరంపురం, దిగపహండి, తప్తపాణి మీదుగా ఒడిశాలోనే గజపతి జిల్లాలో ఉన్న చంద్రగిరికి వెళ్లి రావాలని అనుకున్నాము. రానూపోనూ రెండు వందలకు కాస్త అటూ ఇటూగా ఉంటుంది.

ఉదయం ఐదింటికి, ఇంకా చీకటి ఉండగానే దీపస్తంభం దగ్గర ఏడుగురం చేరాము. లెక్కల మాస్టారుగా రిటైరైన పెద్దాయన మాకు ముందు నడిచే మనిషి. ఆయన ఒక్కొక్కరి బ్రేకులు, టైర్లు, మెరిసే జాకెట్లు చూసుకుంటూ వచ్చి, ఇంజనీరింగ్ చదివే కుర్రవాడి దగ్గర ఆగి, వెనక లైటు మిణుకుమనకుండా నిలకడగా వెలిగేలా పెట్టమన్నారు.

“మిణుకుతుంటేనే కదండీ మాస్టారూ, లారీవాడికి కనబడతాం?”

“నిలకడగా వెలిగినా లారీవాడికి కనబడుతుంది బాబూ. నీ వెనక వచ్చేవాడికి నీ లైటు కాదు, గుంట కనబడాలి.”

ఒకరి వెనక ఒకరు దగ్గరగా తొక్కితే ముందున్నవాడు గాలిని చీలుస్తాడు గనుక వెనకవాళ్లకు శ్రమ బాగా తగ్గుతుందన్నది సైకిల్ తొక్కే అందరికీ తెలిసిందే. అయితే ఆ లాభం దగ్గరతనంలో ఉన్నట్టే ప్రమాదమూ అందులోనే ఉంది. నా ముందు చక్రం ముందువాడి వెనక చక్రం పక్కకు చేరి, అతను అంగుళం పక్కకు జరిగినా రెండు చక్రాలూ రాసుకుంటాయి. అప్పుడు హ్యాండిల్ అదుపు తప్పి పడేది వెనకున్న నేనే తప్ప అతను కాదు. అందుకే చక్రం పక్కన చక్రం చేర్చకూడదని, ముందు నడిచేవాడు చెప్పకుండా బ్రేకు వేయకూడదని, గుంట కనబడితే నడుము వెనక చేత్తో చూపించి నోటితో కూడా చెప్పాలని మాకు కట్టుబాటు. ముందున్నవాడు అలసి వెనక్కి రావాలనుకుంటే ఇష్టం వచ్చినప్పుడు కుడికి తప్పుకోవడానికి వీల్లేదు. వరుస చివర ఉన్నవాడు వెనక్కి చూసి “ఖాళీ” అని అరవాలి, ఆ తరువాతే తప్పుకోవాలి. మా ఒడియా మిత్రుడు చివర ఉన్నంతసేపూ, వెనక వాహనం వినబడిన ప్రతిసారీ “గాడి!” అని వేసిన కేక ముందున్న మాస్టారుదాకా ఒకరినుంచి ఒకరికి చేరుతూనే ఉంది.

దిగపహండి దాటాక రోడ్డు మీద సగం మేర వడ్లు ఆరబోసి ఉన్నాయి. కొన్నిచోట్ల గింజ రాలడానికని పనలే పరిచి పెట్టారు. వాటి మీదుగా వెళితే చక్రం జారుతుంది, గడ్డి గేర్ల చక్రాల్లో చుట్టుకుంటుంది. పక్కకు తప్పుకుంటే ఎదురొచ్చే బస్సుకు అడ్డం పడతాము. మాస్టారు చెయ్యి పైకెత్తి వేగం తగ్గించి, బస్సు పోయేదాకా అందరినీ ఆపి, తరువాత ఒక్కొక్కరినే పంపారు. రైతుకు ఏడాది పంట, మనకు అర నిమిషం. నాకైతే అక్కడ గంట మోగిస్తూ దూసుకుపోయేవాళ్లను చూస్తే చిరాకు.

ఘాట్ ఎక్కేటప్పుడు వరుస దానంతటదే విడిపోయింది. ఎగువన గాలి కంటే బరువే పెద్ద శత్రువు గనుక ఎవరి కాలిసత్తువ కొద్దీ వారు ఎక్కాము. చంద్రగిరి చుట్టుపక్కల 1963లో స్థిరపడిన టిబెటన్లు మొక్కజొన్న పండిస్తారు. జిరంగలో 2010లో దలైలామా ప్రారంభించిన పద్మసంభవ మహావిహారాన్ని బయటినుంచే చూసి, వేడి థుక్పా (టిబెటన్ల నూడుల్స్ సూపు) తాగి తిరుగుముఖం పట్టాము.

తిరుగుదారిలో కుర్రవాడి టైరు పంక్చరై అరగంట పోయింది. ఆ అరగంటను దిగుడులో రాబట్టుకోవాలని అందరి మనసుల్లోనూ ఉంది, అతను పైకి అనేశాడు. మాస్టారు ఒప్పుకోలేదు. దిగుడులో గాలి చాటు ఎవరికీ అవసరం లేదు, ఆగడానికి జాగా మాత్రం కావాలి. ఇద్దరి మధ్య కనీసం రెండు బస్సుల ఎడం ఉంచాలన్నారు. మలుపులో కాకుండా మలుపుకు ముందే బ్రేకు వేయాలి, ఒంపు ఎంత విశాలంగా కనిపించినా రోడ్డు మధ్య గీత దాటకూడదు. ఎక్కి వచ్చే లారీలు మలుపుల్లో మన వైపుకే వస్తాయి. బ్రేకును అదేపనిగా పట్టుకొని ఉంటే రిమ్ము వేడెక్కి ట్యూబు పేలవచ్చు గనుక పట్టి వదులుతూ దిగాలి. కింద మొదటి టీ కొట్టు దగ్గరకు చివరివాడు వచ్చేదాకా ఎవరూ కదలలేదు.

అక్కడినుంచి సముద్రపు ఎదురుగాలి. పొద్దుటి కట్టుబాట్లన్నీ అక్కరకొచ్చింది ఇప్పుడే. ముందు వంతు క్రమంగా చిన్నదైంది, అలిసిన ఇద్దరిని వరుస మధ్యలో ఉంచాము, వాళ్లు తొక్కగలిగిన వేగమే అందరి వేగమైంది. బరంపురం ఊళ్లో ఆటోలు, ఆవుల మధ్య వరుస పనికిరాదని విడివిడిగా దాటి, గోపాల్‌పూర్ రోడ్డు మీద మళ్లీ కలిశాము. అప్పటికి లైట్లు వేసుకోవలసి వచ్చింది. కుర్రవాడు ఎవరూ చెప్పకుండానే తన లైటు చూసుకున్నాడు. ఆరు గంటల పది నిమిషాలకు తీరం చేరాము, గడువుకు ఇంకా ఇరవై నిమిషాలు ఉంది. ఆ ఇరవై నిమిషాలు అసలు బీఆర్ఎంలో ఒక్క పంక్చరుకు కూడా చాలవని మాస్టారు లెక్క వేసి, చంద్రగిరిలో మేము కూర్చున్న సమయాన్ని సగానికి కోసేశారు.