పెరట్లో చెక్క అరుగు

2018లో తిత్లీ తుపానుకి సోంపేటలో మా పెరట్లో పెద్ద జీడిచెట్టు కూలిపోయింది. అప్పటినుంచి ఖాళీగా ఉన్న ఆ చోట ఇప్పుడు చెక్క అరుగు కట్టుకున్నా. 10 అడుగుల పొడవు, 8 అడుగుల వెడల్పు. నా చేతులతోనే!

కాగితం మీద గీసుకోవడానికే ఎక్కువ టైం పెట్టా, పెట్టాలి కూడా. తర్వాత పురికొస లాగి మూల సరిగ్గా 90 డిగ్రీలు ఉందో లేదో చూసుకున్నా. మూల నుంచి ఒకవైపు 3 అడుగుల దగ్గర, రెండోవైపు 4 అడుగుల దగ్గర గుర్తు పెట్టి, ఆ రెండింటి మధ్య టేపు పట్టాలి. సరిగ్గా 5 అడుగులు వస్తే మూల కుదిరినట్టే. వచ్చింది! ఆ సంతోషం ఇంట్లో అందరికీ పిలిచి చూపించా.

చెదల భయం ఉంది కాబట్టి చెక్క మట్టికి తగలకుండా సిమెంటు దిమ్మెల మీద దూలాలు, వాటిమీద 16 అంగుళాలకొక వాసం వేశా. మాది సముద్రపు గాలి, మామూలు మేకులు తుప్పు పట్టేస్తాయి. స్టెయిన్‌లెస్ స్టీల్ స్క్రూలకి ఖర్చెక్కువైనా అవే మేలు. పలకకీ పలకకీ మధ్య 5 మిల్లీమీటర్ల సందు వదిలా. వాన నీరు కిందికి దిగిపోవాలి, తడికి చెక్క ఉబ్బినా చోటుండాలి. అన్ని సందులూ ఒకేలా రావడానికి మధ్యలో ఒకే మందం మేకు పెట్టి బిగించా.

ఇక వానలు మొదలయ్యేలోపు అవిసె నూనె ఇంకో పూత పట్టించాలి.