ఇరవై ఒక్క మలుపులు, ఒక అంకె

ఆల్ప్ డ్యుయెజ్ అనే కొండ రోడ్డుని సైకిల్ మీద ఎక్కాలని ఫ్రాన్స్ వచ్చాం, నేనూ మావాడూ. గ్రెనోబ్ల్ నుంచి బస్సులో కొండ కిందున్న బూర్-ద్వాజాన్ చేరేసరికి సాయంత్రమైంది. రొమాంష్ లోయలో, నాలుగు వైపులా కొండలు నిలబడి చూస్తున్నట్టుండే చిన్న ఊరు అది. గదిలోకి వెళ్ళగానే సైకిల్ సంచి జిప్పు లాగి, సామానంతా నేల మీద పరిచి, ఒక్కొక్కటీ బిగించుకుంటూ వచ్చాను. చక్రాలు, హ్యాండిల్, పెడళ్ళు అన్నీ క్షేమం. ఒక్క కేడెన్స్ సెన్సర్ తప్ప. కేడెన్స్ అంటే నిమిషానికి పెడల్ ఎన్ని చుట్లు తిరుగుతోందన్న లెక్క.

ఎడమ క్రాంక్ (పెడల్‌ని మోసే కడ్డీ) లోపలివైపు రబ్బరు బ్యాండుతో కట్టి ఉంటుంది అది, నల్లటి చిన్న బిళ్ళ. పెడల్ తిప్పితే ఆకుపచ్చ లైటు ఒక్కసారి మినుకుమనాలి. తిప్పాను. వెనక్కి తిప్పాను. ఉలుకూ పలుకూ లేదు.

మంచం మీద కాళ్ళు చాపుకుని చూస్తున్న మావాడు, "ఏరా, అది లేకపోతే నీ కాళ్ళు తిరగవా?" అన్నాడు.

తప్పు నాదే. పాత రకం సెన్సర్లలో క్రాంక్‌కి ఒక అయస్కాంతం, ఫ్రేముకి ఒక స్విచ్చి ఉండేవి. అయస్కాంతం ఎదురుగా వచ్చిన ప్రతిసారీ ఒక చుట్టు లెక్క. ఇప్పటివాటిలో అయస్కాంతం లేదు, కదలికను పసిగట్టే చిప్ ఉంటుంది. కదలకుండా ఉంటే నిద్రపోతుంది, కుదిపితే లేస్తుంది. రెండు రోజులు విమానంలో, బస్సులో కుదుపులు తింటూ వచ్చింది కదా, నేను సంచిలోనే కూర్చుని తొక్కుతున్నాననుకుని పని చేస్తూనే ఉన్నట్టుంది పాపం. లోపలి సీఆర్2032 బ్యాటరీ అయిపోయింది. అదృష్టం బాగుండి ఇంకొకటి తెచ్చుకున్నాను. నాణెంతో మూత తిప్పి తీసేటప్పుడు, నీళ్ళు పోకుండా ఉండే సన్నటి రబ్బరు రింగు జారి మంచం కింద ఎటో పోయింది. ఫోన్ లైటు వేసుకుని పది నిమిషాలు మోకాళ్ళ మీద పాకాను. ఆ పది నిమిషాలూ మావాడు పడీపడీ నవ్వాడు.

అంత చిన్న వస్తువు కోసం ఈ పాట్లు ఎందుకో చెప్పాలంటే ఆరు నెలలు వెనక్కి వెళ్ళాలి.

నేను చాలాకాలం బలం మీదే సైకిల్ తొక్కాను. పెద్ద గేరు వేసి, పెడల్‌ని నెమ్మదిగా, గట్టిగా నొక్కుతూ పోవడమే గొప్ప అనుకునేవాణ్ణి. 60 కిలోమీటర్లు దాటితే మోకాలిచిప్ప చుట్టూ ఒక రకమైన మంట మొదలయ్యేది. ఎవరో సెన్సర్ పెట్టి చూడమన్నారు. పెట్టకముందే నా అంచనా చెప్పేశాను: నిమిషానికి 80 చుట్లు. మొదటి రోజు అరగంట తర్వాత తెర మీద కనిపించిన అంకె 61. సెన్సర్ పాడైందనుకుని చేత్తో లెక్కపెట్టాను. కుడి మోకాలు పైకొచ్చిన ప్రతిసారీ ఒకటి, 15 సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో హెచ్చవేయడం. 15 వచ్చింది. అంటే 60. సెన్సర్ మంచిదే.

లెక్క చూస్తే మోకాలి మంటకి కారణం అర్థమైంది. 200 వాట్ల శక్తితో తొక్కుతున్నామనుకుందాం. 60 చుట్లకయితే క్రాంక్ మీద దాదాపు 32 న్యూటన్ మీటర్ల టార్క్, అంటే తిప్పే బలం, పెట్టాలి, 90 చుట్లకయితే 21 చాలు. వేగం అదే, పని అదే. ఒకటి అప్పంతా ఒకేసారి కట్టడం, ఇంకొకటి చిన్నచిన్న వాయిదాల్లో కట్టడం. అయితే వాయిదాలకి వడ్డీ ఉంటుంది, అది గుండె కడుతుంది. అదే శక్తికి కాళ్ళు వేగంగా తిప్పితే గుండె కొట్టుకునే వేగం పెరుగుతుంది. కండరాల భారం తగ్గి, ఊపిరి మీద భారం పడుతుంది. ఈ రెండో సగం సంగతి ఆ రోజుల్లో నేను పెద్దగా పట్టించుకోలేదు. దాని ఫలితం తర్వాత అనుభవించాను.

తర్వాత ఆర్నెల్లూ దాని మీదే సాధన. వారానికి రెండు రోజులు తేలిక గేరులో, నిమిషానికి 80 నుంచి మొదలుపెట్టి మెల్లగా పెంచుకుంటూ పోవడం. మొదట్లో 105 దాటగానే సీటు మీద బంతిలా ఎగిరేవాణ్ణి. అలా ఎగిరామంటే కాళ్ళు కింద దాకా వెళ్ళాక కూడా నొక్కుతూనే ఉన్నామన్నమాట. కాస్త తగ్గించి, ఒళ్ళు కుదురుగా నిలిచే చోట ఉండిపోవాలి. మూడో నెలకి 115 దగ్గర కూడా నడుము కదలడం మానేసింది. మామూలు రోడ్డు మీద 85 అలవాటైపోయింది. అన్నిటికంటే పనికొచ్చింది మాత్రం వేరే. ఎత్తు ఎదురవుతుంటే తెర మీద 85 కాస్తా 82, 79 అవుతుంది. ఇదివరకు కాళ్ళు మొరాయించాక గేరు మార్చేవాణ్ణి. ఇప్పుడు అంకె జారడం మొదలవగానే వేలు లివర్ మీదకి పోతుంది. మోకాలి మంట ఎప్పుడు పోయిందో గుర్తులేదు.

సరే, ఆల్ప్ డ్యుయెజ్. సైకిల్ పోటీలు చూసేవాళ్ళకి కొత్తగా చెప్పక్కర్లేదు. ఊరి బయట మొదలై పైన స్కీ రిసార్టు దాకా 13.8 కిలోమీటర్లు, సగటున 8.1 శాతం ఎత్తు (అంటే వంద మీటర్లకి ఎనిమిది మీటర్లు పైకి), 21 హెయిర్‌పిన్ మలుపులు. 1952లో టూర్ డి ఫ్రాన్స్ తొలిసారి ఇక్కడికి ఎక్కింది, ఇటలీ సైక్లిస్టు ఫౌస్టో కోప్పి గెలిచాడు. మలుపు మలుపుకీ ఒక బోర్డు, దాని మీద గెలిచినవాళ్ళ పేరు, సముద్రమట్టానికి ఎంత ఎత్తులో ఉన్నామన్న లెక్క. నంబర్లు కింద 21తో మొదలై పైన 1 దగ్గర ముగుస్తాయి.

బయల్దేరే ముందే ఇంటి దగ్గర కాగితం మీద లెక్క వేసుకున్నాను. నేనూ సైకిలూ నీళ్ళ సీసాలూ కలిపి 82 కిలోలు. 200 వాట్లతో 10 శాతం ఎత్తు ఎక్కితే గంటకి ఎనిమిదిన్నర కిలోమీటర్ల లోపే. ముందు 34 పళ్ళ చక్రం, వెనక నా దగ్గరున్న అతి పెద్దది 28 (వెనకది ఎంత పెద్దదైతే తొక్కడం అంత తేలిక). ఆ వేగానికి కేడెన్స్ 54 వస్తుంది. ఆర్నెల్ల సాధన అక్కడికక్కడే గంగలో కలిసినట్టు. అందుకని వెనక 34 పళ్ళ దాకా ఉన్న క్యాసెట్ (వెనక పళ్ళచక్రాల గుత్తి) వేయించాను, దానికోసం పొడవు చైను వేసి, దాన్ని గేరు నుంచి గేరుకి జరిపే డీరైలర్ కూడా మార్చాల్సి వచ్చింది. ముందు 34, వెనక 34. క్రాంక్ ఒక చుట్టు తిరిగితే చక్రమూ ఒకటే చుట్టు, 2.1 మీటర్ల చిల్లర ముందుకి. మావాడు ఇవేవీ పెట్టుకోలేదు. 28తోనే వచ్చాడు, సెన్సర్ లేదు, గుండె వేగం చూపే బెల్టు లేదు.

పొద్దున్న లోయలో పావుగంట కాళ్ళు వేడెక్కించుకున్నాం. సెన్సర్ చక్కగా 85 చూపిస్తోంది. అంతకుముందు మాత్రం ఒక చిన్న గొడవ. జేబులోని ఫోన్ ముందే బ్లూటూత్‌లో సెన్సర్‌ని పట్టేసుకోవడంతో సైకిల్ కంప్యూటర్‌కి అది దొరకలేదు. ఫోన్‌లో యాప్ మూసేస్తే సరిపోయింది.

కొండ అసలు మొహమాటపడదు. మొదటి మలుపు కూడా రాకముందే దాదాపు 10 శాతం. ఉన్నట్టుండి గోడ ఎదురైనట్టుంటుంది. తేలిక గేరులోకి పోయాను, 78 చుట్లు తిరుగుతున్నాయి. నాకు భలే సంతోషం. ఇంత ఎత్తులో 78! పక్కన మావాడు లేచి నిలబడి, సైకిల్‌ని అటూ ఇటూ ఊపుతూ తొక్కుతున్నాడు. ఊరుకోలేక వాడి మోకాలు లెక్కపెట్టాను: 15 సెకన్లకి 13. అంటే 52. జాలిపడ్డాను కూడా.

21 నంబరు బోర్డు దాటింది, కోప్పి పేరున్నది. 20 దాటింది. 18 దగ్గరకొచ్చేసరికి నోట్లో ఇనుము రుచి, చెవుల్లో గుండె చప్పుడు. తెర కిందిభాగంలో ఇంకొక అంకె ఉంది, అప్పటిదాకా అటు చూడనే లేదు. గుండె నిమిషానికి 176 సార్లు. నాకు గంటసేపు తట్టుకోగలిగింది 160 వరకే.

78 తగ్గకూడదని పట్టుబట్టి కూర్చున్నాను మరి. గేర్లు మిగిలి ఉన్నప్పుడు కేడెన్స్ తగ్గితే గేరు మార్చు అని అర్థం. ఆఖరి గేరులో ఉన్నాక ఆ అంకెకి అర్థమే మారిపోతుంది. అక్కడ 78 అంటే గంటకి 10 కిలోమీటర్లు, ఆ ఎత్తులో అది నాకు 240 వాట్ల పని. ఆర్నెల్లు 75 కింద పడనివ్వకూడదని నాకు నేనే నేర్పుకున్నాను, ఆ పాఠమే నన్ను ముంచింది. కాళ్ళు బాగానే ఉన్నాయి, ఊపిరే దివాలా తీసింది.

కాళ్ళకి వదిలేశాను. 70, 67, 64. తెర మీద 64 చూస్తుంటే పరీక్ష తప్పినట్టు బాధ. 16వ మలుపు దగ్గర లా గార్డ్ అనే పల్లె వస్తుంది, అక్కడి నుంచి ఎత్తు కాస్త మెత్తబడుతుంది. అప్పటికి గుండె 161కి దిగింది. వెనక 30 పళ్ళదానికి మారాను, అంకె దానంతటదే 72 దగ్గర స్థిరపడింది. ఇక చూడ్డం తగ్గించాను. బోర్డుల మీద నంబర్లు తగ్గుతున్నాయి, నా నంబరు తగ్గకపోతే చాలు.

మలుపుల దగ్గర ఒక సుఖం ఉంది. మలుపు బయటి అంచు దాదాపు చదునుగా ఉంటుంది. మూడు నాలుగు సెకన్లు పెడల్ ఒక్కసారిగా తేలికై 85కి ఎగురుతుంది. మళ్ళీ ఎత్తు. ప్రతి బోర్డు దగ్గరా కావాలనే బయటి అంచు పట్టుకుని తిరిగాను. దూరం రెండు మూడు మీటర్లు ఎక్కువే, అయినా సరే.

ఈ కొండ మీదే 2001 టూర్‌లో అమెరికా ఆర్మ్‌స్ట్రాంగ్, జర్మనీ ఉల్‌రిక్ పోటీ జరిగింది. ఆర్మ్‌స్ట్రాంగ్ చిన్న గేరులో గిరగిరా, ఉల్‌రిక్ పెద్ద గేరులో గంభీరంగా. దాని తర్వాత లోకంలో సగం మంది సైకిలిస్టులు గిరగిరా తిప్పడమే రహస్యమనుకున్నారు. ఆర్మ్‌స్ట్రాంగ్ డోపింగ్ బయటపడి 2012లో టూర్ టైటిళ్ళన్నీ పోయాయి, గిరగిరా మాత్రం మిగిలిపోయింది. నేనూ ఆ బాపతే.

ఏడో మలుపు, పక్కన చిన్న చర్చి. దీన్ని డచ్ కార్నర్ అంటారు. 1976 నుంచి 1989 లోపు ఇక్కడ ఎనిమిదిసార్లు నెదర్లాండ్స్ వాళ్ళే గెలిచారు. పోటీ రోజున ఈ మలుపంతా నారింజ రంగు జనం. మేం వెళ్ళిన రోజు తారు మీద మాసిపోయిన రంగు రాతలు, గాలి, నేను. ఆరు నిమిషాలు ఆగాను, నీళ్ళు తాగాను. ఆ ఆరు నిమిషాల్లోనే మావాడు నన్ను దాటిపోయాడు. సీటు మీద కూర్చుని, నెమ్మదిగా, దాదాపు 65తో. "పైన కలుద్దాం" అని చెయ్యి కూడా ఊపాడు.

పైన గీత దాటేసరికి మొత్తం గంటన్నర, అందులో తొక్కింది 84 నిమిషాలు. 2024లో మహిళల టూర్ ఇక్కడే ముగిసింది. ఈ ఎక్కుడు తర్వాత మొత్తం పోటీలో మొదటి, రెండో స్థానాల మధ్య తేడా 4 సెకన్లు. మావాడికీ నాకూ తేడా సరిగ్గా నేను ఆగినంతసేపు. మర్నాడు వాడి మోకాళ్ళు పట్టేస్తాయని లోపల్లోపల ఎదురుచూశాను. ఏమీ కాలేదు. మెట్లు రెండేసి చొప్పున దిగాడు.

దిగడం అరగంట. బ్రేకులు పిండుతూ, పెడల్ తిప్పకుండా. సాయంత్రం గదిలో కంప్యూటర్ తీసి చూస్తే రోజు సగటు కేడెన్స్ 55 అని ఉంది.

మావాడు భుజం మీంచి తొంగిచూశాడు. "ఇంతోటి దానికి ఆర్నెల్లా? సెన్సర్ లేకుండా నేనూ అంతేగా తొక్కింది!"

"దిగినప్పుడు తొక్కలేదు కదరా, ఆ సున్నాలన్నీ కలిపేసింది" అని సెట్టింగ్‌లోకి వెళ్ళి సున్నాలు తీసేశాను. 72 అయింది.

"మరి ఆ సెట్టింగ్‌లో నా 28 గేరు కూడా తీసేస్తే నాదెంతవుతుంది?" అన్నాడు.

జవాబు చెప్పకుండా సామాను సర్దడం మొదలుపెట్టాను. ఈసారి సెన్సర్‌లోంచి బ్యాటరీ తీసి విడిగా జేబులో వేసుకున్నాను. రబ్బరు రింగు మాత్రం మళ్ళీ మంచం కిందికే దొర్లింది.