రసీదు మీద ఆయన పేరు, తాకట్టు చీటీ మీద నా పేరు

నిన్న సాయంత్రం కోర్టు ఉత్తర్వు సర్టిఫైడ్ కాపీ చేతికి వచ్చింది. మా అబ్బాయి పోషణకు వాడి తండ్రి ఇవ్వాల్సిన మనోవర్తి నెలకు 4,000 నుంచి 7,500 అయింది, అదీ పిటిషన్ వేసిన తేదీ నుంచి. 2018లో మొదటి ఉత్తర్వు వచ్చినప్పుడు వాడు రెండో తరగతి, ఇప్పుడు తొమ్మిది. మధ్యలో వాడి ఆకలి పెరిగింది, చెప్పుల కొలత పెరిగింది, ఫీజు పెరిగింది. మనం వెళ్లి అడిగితే తప్ప మనోవర్తి పెరగదని నాకు ఆరేళ్లకు గానీ తెలియలేదు.

పిటిషన్ వేయడం పెద్ద పని కాదు. డబ్బు పుచ్చుకున్న మొదటి వకీలు పాత సీఆర్‌పీసీ చట్టంలో మనోవర్తి పెంపుకు వాడే 127వ సెక్షన్ కింద రాసిచ్చారు. 2024 జూలై 1 నుంచి కొత్త చట్టం అమల్లోకి వచ్చి అది 146 అయింది. కాగితాలు తిరిగి వచ్చాయి. ఆయనకో దండం పెట్టి న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లాను. ఆడవాళ్లకు ఆదాయంతో నిమిత్తం లేకుండా అక్కడ ఉచితంగా వకీలును ఇస్తారు. ఉచిత వకీళ్లు పట్టించుకోరని మా వీధంతా చెప్పింది. నాకు దొరికిన అమ్మాయి నా కాగితాలను నాకంటే శ్రద్ధగా చదివింది.

2020 నాటి సుప్రీంకోర్టు తీర్పు ప్రకారం నేనూ, అబ్బాయి తండ్రీ ఇద్దరమూ ఆదాయం, ఆస్తులు, అప్పులు ప్రమాణపత్రంలో రాయాలి. గాంధీ రోడ్డు బట్టల దుకాణంలో నాకు వచ్చే 11,000 రాశాను. ఆయన తన జీతం 18,000 అని రాశారు. బ్యాంకు స్టేట్‌మెంటు తెప్పిస్తే 34,000 కనబడింది. అంతవరకు నేను ముందే అనుకున్నాను.

బోనెక్కాక మొదలైంది అసలు కథ. ఖర్చుకు రుజువుగా నేనే దాఖలు చేసిన ఫీజు రసీదును ఆయన వకీలు నా చేతికిచ్చి, తండ్రి పేరు చదవమన్నారు. చదివాను.

"మీ పేరు ఎక్కడైనా ఉందా అమ్మా?"

"లేదండీ, కానీ కట్టింది..."

"అడిగినదానికి చెప్పండి. ఉందా, లేదా?"

"లేదు."

"అంటే కట్టింది మా క్లయింటే."

ఇలా 11 రసీదులు. 11 సార్లు ఆయన పేరు నా నోటితోనే చదివించారు. ఆరేళ్లలో బడి గేటు ఏ వైపు ఉందో చూడని మనిషి, నేను నిలబడి చూస్తుండగానే ఫీజులు కట్టే తండ్రి అయిపోయారు. వెనక బెంచీలో ఎవరో నవ్వారు. బడి కంప్యూటర్‌లో తండ్రి పేరుకే గడి ఉందట, నోట్లు లెక్కపెట్టి ఇచ్చిన చేయి ఎవరిదైనా సరే. బయటికి వచ్చాక మంచినీళ్లు కూడా గొంతు దిగలేదు.

ఆ రాత్రి బీరువా అంతా కింద పోశాను. పాత చీర మడతలో తాకట్టు చీటీ దొరికింది: 2024 జూన్ 12, రెండు గాజులు, 20,000. ఫీజు రసీదు తేదీ జూన్ 13, మొత్తం 18,500. మిగిలిన 1,500 బూట్లకూ నోటు పుస్తకాలకూ పోయింది. చీటీని సాక్ష్యంలోకి తీసుకోమని మరో పిటిషన్, ఇంకో రెండు వాయిదాలు. జడ్జి గారు రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని చూశారు, ఏమీ అనలేదు. ఎదుటి వకీలు మళ్లీ రసీదుల ఊసెత్తలేదు. ఈ తెలివి నాదేనని చెప్పుకోవడానికి నాకేమీ మొహమాటం లేదు.

ఇంకో సంగతి. బాకీపడ్డ నెలల సొమ్ము వారంటు మీద వసూలు కావాలంటే ఏడాదిలోపే పిటిషన్ వేయాలి. "ఇస్తాడులే, కోర్టుకెక్కి రచ్చ చేసుకుంటావా" అన్న పెద్దల మాట విని అయిదు నెలల డబ్బు వదులుకున్నాను. ఆ పెద్దల్లో ఒక్కరూ ఒక్క నోటు పుస్తకం కొనివ్వలేదు. ఆయన మాత్రం చెన్నై నుంచి వాయిదాకు వచ్చినప్పుడల్లా ముందు కొండెక్కి దర్శనం చేసుకుని, కోర్టు వరండాలో నా చేతిలో లడ్డు పెట్టేవారు, అబ్బాయికివ్వమని. ప్రసాదం కదా, కాదనలేకపోయాను.

ఈ రోజు రెండో టర్ము ఫీజు కట్టడానికి వెళ్లాను. గుమాస్తా ఎప్పటిలాగే ఆయన పేరుతో రసీదు తీసి ఇచ్చాడు. కింద "తల్లి చెల్లించినది" అని రాసి, సంతకం పెట్టి, ముద్ర వేయమన్నాను. "ఇప్పుడెందుకమ్మా ఇదంతా, వెనక ఎంతమంది ఉన్నారో చూడండి" అన్నాడు. చూశాను, చాలామందే ఉన్నారు. ముద్ర పడేదాకా కిటికీ ముందు నుంచి కదల్లేదు.